స్కాను గదిలో మూడు ముళ్లు

ఆలూరులో కిరాణాకొట్టు నడిపే రామకోటయ్య, కడుపునొప్పి, చలిజ్వరం వదలని భార్య రత్నమ్మను కర్నూలు ఆసుపత్రికి తీసుకొచ్చినాడు. స్కాను తీస్తే పొట్ట దాకా వేలాడే తాళిగొలుసు నీడ కాలేయం మీద తెల్లగా గీతలుగా పడింది.

“గొలుసు తీస్తేనే లోపల కనపడుతుంది,” అంది డాక్టర్ ఉదయశ్రీ.

“ప్రాణం పోయినా తీయను!”

“ఆ ప్రాణం నీ ఒక్కదానిదేనా?” అని రామకోటయ్య కసిరినాడు. వీధిలోకి పోయి పసుపుకొమ్ము, దారం తెచ్చి, ఆమె మెడలో మూడు ముళ్లు వేసి, అప్పుడు గొలుసు తీసినాడు.

ఈసారి బొమ్మ తేటగా వచ్చింది. అపెండిక్స్‌లోని చీము వల్ల కాలేయానికి పోయే రక్తనాళంలో నెత్తురు గడ్డ కట్టింది. “శానా అరుదు. దొరికింది కాబట్టి మందులతో నయం చేస్తాం,” అంది డాక్టర్.

ఇంటికి పోయే రోజు రత్నమ్మ గొలుసు వేసుకుంది గానీ దారం తీయలేదు.

“అదింకెందుకు?”

“పెండ్లిలో మూడో ముడి మీ అక్క వేసింది. దీనికి మూడూ మీరే వేసినారు.”