వేలిముద్ర వేసిన చోటు

ఈశ్వరయ్య చేతిలోని పాలపొడి డబ్బాలో పాలపొడి లేదు. ఒక రబ్బరు ముద్ర, స్టాంపు ప్యాడ్, నాలుగు మడతలు పెట్టిన అప్పు కాగితం ఉన్నాయి. ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చి నలభై రోజులైంది. టైపు కొట్టిన కాగితం కనపడితే చాలు, కరపత్రమని మనిషిని లాక్కుపోతున్నారు.

అబ్బాసియాలో కిరాణా కొట్టు నడిపే అల్లాబకష్, ఊరికి పోవాలనుకునే మనవాళ్ళకు బస్సు ఛార్జీ అప్పు ఇస్తున్నాడు. ఊరు చేరాక కడపలో అతని తమ్ముడికి తీర్చాలి. షరతు ఒకటే. అప్పు తీసుకునేవాళ్ళు ఈశ్వరయ్య కళ్ళముందు వేలిముద్ర వేయాలి. ఆగస్టులో ఒకడు తన చిన్నాయన కొడుకుదని చెప్పి ఎవరిదో ముద్ర తెచ్చాడు. అప్పటినుంచి కాగితం కింద 'నేను చూస్తుండగా వేసినది' అని ఈశ్వరయ్య రాసి స్టాంపు కొడితేనే బస్సు చీటీ. తన ఇంట్లో బీకాం దాకా చదివిన మొదటివాడని ఈ పని అతని నెత్తిన పెట్టారు. అతనూ ఒక్కనాడు తప్పలేదు.

కష్టమంతా చోటు దగ్గరే. గదిలో నలుగురు చేరితే మీటింగు అంటారు. అందుకే ఒకరి చేత మంగలి కొట్టులో, ఇంకొకరి చేత ఆసుపత్రి వరండాలో ముద్ర వేయించాడు. ఇవాళ జహ్రాలో పనిచేసే సంజీవమ్మ వంతు. ఆమె మామా అని పిలిచే ఆ ఇంటి ముసలి యజమానురాలు పాస్‌పోర్టు చేతిలో పెట్టి, పోయి పిల్లల్ని చూసుకో అంది. కానీ ఆ ఇంట్లోకి కొత్త మగమనిషి పోతే వెనకాలే సైనికులు దిగుతారు. సంజీవమ్మ బయటికొచ్చేది కుబూస్ రొట్టెల కోసమే. బస్సు రేపు ఉదయం ఆరింటికి జహ్రా మీదుగా పోతుంది. ఈ సాయంత్రానికి కాగితం అందకపోతే సీటు ఇంకొకరిది.

కుబూస్ కొట్టు లోపల పనిచేసే సిద్ధయ్యది సంజీవమ్మ పక్క ఊరే. పది గంటలకు రమ్మని అతనితోనే కబురు పంపాడు ఈశ్వరయ్య. తాను చూడకుండా వేలు పెడితే చెల్లదని గట్టిగా చెప్పమన్నాడు కూడా.

తీరా కొట్టు దగ్గరికి వచ్చాక గాని చిక్కు తెలియలేదు. అయిదేళ్ళుగా గదిలోవాళ్ళు తెచ్చిన కుబూస్ తినడమే గాని, ఏనాడూ వరసలో నిలబడ్డవాడు కాదు. మగవాళ్ళ కిటికీ ఒకవైపు, ఆడవాళ్ళ కిటికీ అవతలివైపు. అటు పోతే గొడవ. అయితే మగవాళ్ళ కిటికీలోంచి చూస్తే, పొయ్యి మీదుగా అవతలి కిటికీ కనపడుతోంది. అందులో నల్లటి ముసుగు, దాని కింద సంజీవమ్మ మొహం. అది చాలు. సిద్ధయ్య కాగితాన్ని, ప్యాడ్‌ని రెండు కుబూసుల మధ్య పెట్టి అటు తీసుకెళ్ళాడు.

అప్పుడే ఒక సైనికుడు పక్క తలుపులోంచి లోపలికొచ్చాడు. తమవాళ్ళకు వంద కుబూసులు కావాలన్నాడు. పొయ్యి ముందు సరిగ్గా రెండు కిటికీలకూ మధ్యన నిలబడ్డాడు.

ఈశ్వరయ్యకు వాడి వీపు తప్ప ఏమీ కనపడలేదు. ఆమె ఈపాటికి వేసేసి ఉంటే బాగుండుననుకున్నాడు. వేయలేదు. అవతల ఆడవాళ్ళు యల్లా యల్లా అని తొందరపెడుతున్నారు. సంజీవమ్మ సిరా అంటిన బొటనవేలు గాల్లో పెట్టుకుని అలాగే నిలబడి ఉందని సిద్ధయ్య మొహం చూస్తేనే తెలుస్తోంది.

"సారూ, యాడుండావు?" తెలుగులోనే కేకేసింది.

"ఈడనే ఉండా. ఏసెయ్యమ్మా, సూస్తాండా."

"అబద్ధం సెప్తాండావు. నాకు నువ్వు కనపడకుంటే నీకు నేనెట్ల కనపడతా? సూడకుంటే సెల్లదంటివి గదా."

అనామకుల ముద్రలు పడకూడదని పెట్టుకున్న నియమం ఇప్పుడు ఒక ఆడమనిషిని నీలిరంగు వేలితో సైనికుడి ముందు నిలబెట్టింది. సైనికుడు తల తిప్పి ఏమిటి గోల అని అడిగాడు. అక్కా తమ్ముళ్ళు, కుబూస్ లెక్క తేలక పోట్లాడుకుంటున్నారని సిద్ధయ్య వచ్చీరాని అరబ్బీలో చెప్పాడు.

ఆ మాటే ఈశ్వరయ్యకు దారి చూపింది.

"అక్కా, నన్ను తిట్టు. తిడతా మీ నాయన పేరు, ఊరు సెప్పు. సెప్పి ఏయ్. నేను ఇంటా."

అటునుంచి గొంతు లేచింది.

"చిన్నపుల్లయ్య కూతుర్ని నేను, సంజీవమ్మని. మాది రాయచోటి తాలూకా. సదువుకున్న మొగమా, ఇంగేం గావాల్ల నీకు? మా తాత పేరు గూడా గావాల్నా? ఇదో ఏసినా. సూడకుంటే నీ కర్మ."

సైనికుడు నవ్వి మళ్ళీ తన కుబూసుల వైపు తిరిగాడు. వేడి కుబూస్ మడతలో కాగితం తిరిగొచ్చింది. ముద్ర స్పష్టంగా ఉంది, అంచున కాస్త పిండి అంటుకుంది.

నాకాబందీ దాటి అబ్బాసియా చేరాక ఈశ్వరయ్య కలం తీశాడు. ఎప్పుడూ రాసే వాక్యం చేతి చివరిదాకా వచ్చింది. రాస్తే ఎవరికీ తెలియదు. రాయలేకపోయాడు. 'జహ్రాలో కుబూస్ కొట్టు ఆడవాళ్ళ కిటికీ దగ్గర, తండ్రి పేరు, ఊరి పేరు చెప్తూ వేసినది. నేను విన్నాను, చూడలేదు. సిద్ధయ్య చూశాడు' అని రాసి స్టాంపు కొట్టాడు.

అల్లాబకష్ రెండుసార్లు చదివాడు.

"సూడల్యాదని నువ్వే రాస్తివే."

"సూడల్యా గదన్నా."

అల్లాబకష్ అతన్ని ఎగాదిగా చూశాడు. "అబద్ధం రాసుంటే నాకేం తెలిసేది?" అన్నాడు. బదులు కోసం ఆగలేదు. బస్సు జాబితాలో సంజీవమ్మ పేరు ఎక్కించాడు.

మర్నాడు మధ్యాహ్నం సిద్ధయ్య వచ్చి, ఆరింటికి ఆమె బస్సెక్కిందని, వేలికి సిరా ఇంకా పోలేదని చెప్పాడు.

"నీకొక మాట సెప్పమనింది సారూ. తిట్లల్లో సగం నిజంగానే తిట్టిందంట."