వెనిగర్ లేని సీసాలు

నేలమాళిగలో దీపం వెయ్యగానే ఇంగా ఠక్కున ఆగిపోయింది. పై అరలో ఎర్ర క్యాప్సికం సీసా మూత పూరీలా పొంగి ఉంది.

"అత్తయ్యా, ఒకసారి కిందికి రండి!"

లమారా ఆయాసపడుతూ దిగొచ్చి చూసింది. "ఓస్, ఇంతేనా! మేకుతో బెజ్జం పెట్టి గాలి తీసి, మళ్ళీ మరిగించి మూత బిగిద్దాం. దీనికే అంత కేకా?"

"లోపల విషం పుట్టి ఉంటే? వెనిగర్ వేశారా అసలు?"

"వెయ్యలేదు. నా కొడుక్కి పులుపు గిట్టదని తెలీదూ?"

ఇంగాకి ఒళ్ళు మండిపోయింది. పోయిన చలికాలం పక్కింటి నానూలి ఇలాంటి సీసాలో కూరే తిని ఆసుపత్రి పాలైంది. చూడ్డానికి వెళ్తే, పాపం, కనురెప్పలు ఎత్తడానికి కూడా ఆమెకి శక్తి లేదు. గొంతులో గొట్టం. పులుపు లేని కూరగాయల్ని గాలి తగలకుండా బిగించి ఉంచితే, మామూలు మరుగుకి చావని క్రిమి లోపల విషం కక్కుతుందనీ, వాసనకీ రుచికీ అది దొరకదనీ డాక్టరు చెప్పాడు. అందుకే ఈ వేసవిలో ఇంగా పనిగట్టుకుని వెనిగర్ కొనుక్కొచ్చింది. ఆ సీసాలు వంటింట్లో సీలు కూడా విప్పకుండా అలాగే ఉన్నాయి.

చేతులకి తొడుగులు వేసుకుని, పొంగిన సీసాని పెరట్లో కోళ్ళు కెలకలేనంత లోతున పాతిపెట్టింది. తర్వాత అదే రోజు పెట్టిన మిగతా సీసాలు బయటికి తియ్యబోయింది.

"వాటికేం రోగం? మూతలు చక్కగానే ఉన్నాయిగా!" లమారా అడ్డం నిలబడింది.

"మూత పొంగనంత మాత్రాన మంచిదని కాదత్తయ్యా. ఇంతకీ రెండు తక్కువున్నాయేం?"

"పొద్దున్నే వ్యానులో కుతైసి పట్నానికి పంపాను. ఎతేరి ఆశపడింది."

ఎతేరి ఆడపడుచు. ఇంగా ఫోను చేసింది.

"మా అమ్మ చేతి వంట విషమంటావా వదినా?" అంటూ ఎతేరి ఠపీమని పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

ఇంగా మొగుడు తమాజ్ కారు కింద దూరి ఏదో బిగిస్తున్నాడు. "నన్ను మధ్యలోకి లాగకు. అమ్మకి నువ్వే నచ్చజెప్పుకో" అన్నాడు, తల బయటపెట్టకుండానే.

"నీ నోటికి పులుపు పడదనేగా ఇదంతా!" అని అరిచి, ఇంగా వెళ్ళి కుతైసి బస్సెక్కింది.

ఆమె చేరేసరికి ఎతేరి ఇంట్లో బల్ల మీద రొట్టె, జున్ను, పళ్ళెం నిండా నిగనిగలాడే క్యాప్సికం ముక్కలు. ఇంకా ఎవరూ ముట్టుకోలేదు.

"పారేద్దాం ఎతేరీ. నీకు దణ్ణం పెడతాను."

"పారెయ్యను. మా అమ్మ నడుం విరగ్గొట్టుకుని చేసింది."

"పోనీ, పది నిమిషాలు కుతకుతా ఉడకనీ. క్రిమి చావకపోయినా, ఆ వేడికి విషం విరిగిపోతుందట."

జవాబు కోసం ఆగకుండా పళ్ళెం తీసుకెళ్ళి గిన్నెలో బోర్లించింది. రెండో సీసా కూడా విప్పి అందులోనే పోసింది. గడియారం చూస్తూ గరిట పట్టుకుని నిలబడింది. ముక్కలు గుజ్జైపోయాయి.

"కుక్కలకి పెట్టే కూడులా ఉంది" అంది ఎతేరి. అయినా తల్లి మాట నిలబెట్టాలన్న పంతంతో తింది. ఇంగా రెండు రోజులు అక్కడే ఉండి, ఆమె కళ్ళు మసకలేస్తున్నాయేమో, మాట ముద్దగా వస్తోందేమో అని కనిపెట్టుకుని కూర్చుంది. ఏమీ కాలేదు.

ఇంటికి తిరిగొచ్చేసరికి లమారా గుమ్మంలోనే అందుకుంది. "ఏమైందీ? నిక్షేపంగా ఉందటగా నా కూతురు!"

"ఉడికించాను కాబట్టి ఉండొచ్చత్తయ్యా."

"ఉడికించకపోయినా ఉండేది."

ఆ సీసాల్లో విషం ఉందో లేదో ఇక ఎవరూ తేల్చలేరు. రానివ్వకుండా ఆపిన జబ్బుని తెచ్చి ఎవరికని చూపిస్తుంది?

నేలమాళిగలో మిగిలిన క్యాప్సికం సీసాలన్నీ ఒక్కొక్కటే పైకి మోసింది. ఈసారి లమారా అడ్డం రాలేదు. "ఊళ్ళో నా పరువు తీశావు" అని గొణుగుతూ కూర్చుంది. తమాజ్ వచ్చి గొయ్యి తవ్విపెట్టాడు. ఎవరి పక్షమో మాత్రం చెప్పలేదు.