క్లెయినో తిట్టిన సందెచుక్క

గ్రీకుల లెస్బోస్ దీవిలో పెళ్ళంటే క్లెయినో పాట ఉండాల్సిందే. ప్రేమదేవత అఫ్రొదితె చుక్క అంటూ సందెచుక్కను ఆమె పొగుడుతుంటే, దివిటీల వెలుగులో పెళ్ళికూతురు అత్తవారింటికి కదిలేది. తన ఒక్కగానొక్క కూతురు ఫిలిన్న పెళ్ళికీ ఆ పాటే పాడింది. మర్నాటి నుంచి మాత్రం సందె పడగానే పడమటి కిటికీ మూసేయసాగింది.

రాబోయే చలికాలంలో తన కూతురి పెళ్ళి ఉందని, పాట కట్టమని పొరుగింటి థియానో వచ్చింది.

"ఆ దొంగచుక్కను నేను పొగడను. నా పిల్లను ఎత్తుకుపోయింది," అని కసిరింది క్లెయినో.

"మా అక్క కూతురి పెళ్ళిలో పొగిడావుగా వదినా! అక్క ఏడుస్తుంటే నువ్వు ఇంకాస్త గొంతెత్తావు," అని థియానో నొచ్చుకుని వెళ్ళిపోయింది.

చలి మొదలయ్యేసరికి పడమట ఆ చుక్క కనబడటం మానేసింది. పీడ విరగడైందనుకుంది క్లెయినో. ఒక తెల్లవారుజామున తలుపు చప్పుడైతే తీసింది. గుమ్మంలో ఖాళీ బిందెతో ఫిలిన్న!

"నీళ్ళకని వచ్చానమ్మా. పనిలో పనిగా నిన్ను చూసిపోదామని..."

ఆమె వెనక, తూర్పున, వేగుచుక్క మెరుస్తోంది. తల్లి చూపు అటు పోవడం గమనించి ఫిలిన్న నవ్వింది.

"అది థియానో చెప్పిన నీ దొంగచుక్కేనే! సందెచుక్కా వేగుచుక్కా ఒకటేనట. పడవ నడుపుతాడుగా, మీ అల్లుడే చెప్పాడు."

క్లెయినో కూతురిని గట్టిగా పొదువుకుంది.

"ఎత్తుకుపోయినదానివి, ఒక్కసారి తెచ్చి చూపించడానికి ఇన్నాళ్ళా?" అని చుక్కను తిట్టింది. తర్వాత కళ్ళు తుడుచుకుంటూ కూతురితో అంది: "వెళ్ళేటప్పుడు థియానోకి చెప్పు, పాట కడతానని. ఈసారి పెళ్ళికొడుకు కాసేపు ఆగుతాడు. ముందు గుమ్మంలో నిలబడ్డ తల్లికి పాడతాను."