వదిలేసిన తొవ్వ

ప్రమీలారాణి హైదరాబాదు కాలేజీలో పార్కులు, తోటలు ఎలా డిజైన్ చెయ్యాలో చెప్పే పంతులమ్మ. పిల్లలు కాగితం నిండా గుండ్రటి పచ్చటి చెట్లు వేసుకొస్తే ఒంటికాలి మీద లేచేది. "ముందు మనుషులు ఎటు నడుస్తున్నారో గీయండి. చెట్టుదేముంది, తర్వాతైనా నాటొచ్చు." ఇదీ ఆమె పాఠం, ఆమె గొప్ప. గొప్ప అనే అనాలి మరి!

ఎనభై ఎనిమిదిలో టేకులపల్లి దగ్గర అడవి అంచున పార్కు రాబోతోందని తెలిసి, ఆ జాగానే పిల్లలకు పనిగా ఇచ్చింది. తరగతిలో లచ్చిరాంది ఆ పక్క తండాయే. మిగతావాళ్లు ఎండలో పడి తిరిగి నాలుగు గీతలు తెస్తే, అతని షీటు మీద తొవ్వలు అరచేతి గీతల్లా అల్లుకున్నాయి. పశువులు పోయేవి, కట్టెలకు పోయేవి, తునికాకుకు పోయేవి. ఒక్క గీత మాత్రం నడి అడవిలో ఆగిపోయింది.

"ఇదేంటి, సగంలో ఆపేశావ్?"

"అది వద్దు మేడమ్. ఎండకాలం వాగెండితే మా ఆడోళ్లు చెలమ నీళ్లకు పోయే తొవ్వ. బయటోళ్లకు చెప్పం."

"తెలిసింది దాచుకుంటే డిజైన్ ఎలా అవుతుందయ్యా? అసలు దారి ఇదే కదా. పూర్తి చెయ్, లేదంటే మార్కుల మీద ఆశ వదులుకో."

లచ్చిరాం తలవంచుకుని గీత పూర్తి చేశాడు.

ప్రదర్శనలో ఆ షీటుకే మొదటి బహుమతి. పార్కు పని చూసే ఫారెస్టు ఆఫీసరు వచ్చి ముక్కున వేలేసుకున్నాడు. "మా వాళ్లకు ఇన్నేళ్లుగా అంతుపట్టనిది మీ అబ్బాయి గీసిచ్చాడండీ," అంటూ నకలు అడిగాడు. ప్రమీలారాణి ఉబ్బితబ్బిబ్బై స్వయంగా చుట్టి చేతికిచ్చింది. ఎందుకని అడిగితే నోటి ముత్యాలు రాలిపోతాయా? అడగలేదు.

మరుసటి వేసవిలో పిల్లల్ని వెంటబెట్టుకుని పార్కు చూడబోయింది. బస్సు దిగి అడవి అంచుకు నడిచింది. తండా మనుషులు లోపలికి రాకుండా ఆ షీటులో గీసిన ప్రతి తొవ్వకూ అడ్డంగా కందకం తవ్వారు, దాని అవతల ముళ్లకంచె వేశారు. చెలమ తొవ్వకైతే తాళం వేసిన ఇనుప గేటు పెట్టారు.

గేటు ముందు లచ్చిరాం తల్లి బాలి ఖాళీ బిందెతో నిలబడి ఉంది. కొడుకును చూసి కూడా పలకరించలేదు.

"మా తండోళ్లే ఎవలో చెప్పిన్రంటున్నరు అమ్మా. ఎవలో మీకెరుకేనా?" అని పంతులమ్మను అడిగింది.

లచ్చిరాం నేల చూపులు చూస్తున్నాడు. తానే పట్టుబట్టి గీయించానని ప్రమీలారాణి ఒక్క మాట అంటే చాలు, ఆ పిల్లవాడు తండాలో తలెత్తుకుంటాడు. చుట్టూ విద్యార్థులు వింటున్నారు.

"నాకు తెలియదమ్మా," అంది ప్రమీలారాణి.

ఆ ఏడు చివరి పరీక్షకు లచ్చిరాం తెచ్చిన షీటు నిండా గుండ్రటి పచ్చటి చెట్లు. ఒక్క తొవ్వ లేదు. మనుషులు ఎటు నడుస్తారని అడగబోయి ఆమె ఆగిపోయింది.

"పూర్తి చేసిన మేడమ్," అన్నాడతను.

ఆమె నిండుగా మార్కులు వేసింది. ఎన్ని వేసిందో చూసుకోకుండానే అతను షీటు చుట్టుకుని వెళ్లిపోయాడు.