సాంచాలు ఆగాక వినిపించిన చప్పుడు

నా పేరు దేవదాసు. సిరిసిల్లలో సాంచాలు బాగుచేయడం నా పని. బయటివాళ్లు వాటిని మరమగ్గాలంటారు, అననివ్వండి. పెళ్లి కాకముందు నుంచీ వాటి మధ్యే తిరిగి తిరిగి నా చెవులు సగం చచ్చిపోయాయి. మా వీధిలో అందరి చెవులూ అంతే. మేం మామూలుగా మాట్లాడుకుంటుంటే కొత్తగా వచ్చినవాళ్లు కొట్లాట అనుకుని ఆగి చూస్తారు. నాకు ముక్కు మీద కోపమని కూడా చెప్పుకుంటారు. అది మాత్రం నిజమే.

చెవుల సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, జరిగినదానికి మొదలు అక్కడే ఉంది.

మా ఇంట్లో ఒక బట్టల మిషను ఉండేది. ముందువైపు గుండ్రటి అద్దం తలుపున్న రకం. మా అల్లుడు వినోద్ దుబాయిలో ఒక ఇంట్లో డ్రైవరు. ఆ ఇంటివాళ్లు కొత్తది కొనుక్కుని దీన్ని పారేయబోతుంటే అడిగి తీసుకుని కార్గోలో వేశాడు. కోరుట్లలో ఉండే మా బిడ్డ స్రవంతి దాన్ని ఒక్కరోజు కూడా తన ఇంట్లో ఉంచుకోలేదు. ట్రాలీ ఆటో ఎక్కించి నేరుగా వాళ్లమ్మకి పంపింది.

వాళ్లమ్మ అంటే నా భార్య రూతమ్మ. పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. కుడికాలు ఈడ్చుకుంటూ నడుస్తుంది. పొద్దస్తమానం సాంచాలకు నూలు కండెలు చుట్టిన చెయ్యి అది. అయినా మనిషి మొండిది. ఎడమ చేత్తో తినడం నేర్చుకుంది. కుచ్చిళ్లు పళ్ల మధ్య పట్టుకుని చీర కట్టుకోవడం నేర్చుకుంది. ఎంత చేసినా తడిబట్ట పిండటం మాత్రం ఒంటి చేత్తో కాలేదు.

నేను ఉతుకుతానంటే ససేమిరా అంది. మొగుడితో చీరలు ఉతికించుకునేంత గతి పట్టలేదని కసిరింది. అసలు కారణం అది కాదని నాకు తెలుసు. ఒక్కోసారి బాత్రూముకు వెళ్లేలోపే ఆమెకు ఆగదు. ఆ బట్టలు నా కంట పడకూడదు, అంతే. నాతో ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషి, నా జ్వరాలకూ వాంతులకూ ఏనాడూ మొహం చిట్లించని మనిషి, తన వంతు వచ్చేసరికి నా ముందు సిగ్గుతో చచ్చిపోయేది.

మిషను వచ్చాక ఆ బాధ తీరింది. దాని ముందు పీట వేసుకుని కూర్చుని, ఎడమ చేత్తో ఒక్కొక్క బట్టా లోపలికి తోసి, తలుపు మూసి, గుండీ తిప్పేది. పిండి, సగం ఆరబెట్టి మరీ ఇచ్చేది అది. ఉతికినంతసేపూ ఆ అద్దంలోకి చూస్తూ కూర్చునేది. నన్ను ఆ దరిదాపులకు రానిచ్చేది కాదు. నాకేం కోపం రాలేదు. ఆమె మళ్లీ నాతో గట్టిగా పోట్లాడటం మొదలుపెట్టింది అప్పుడే.

తర్వాత తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు డిపోల్లో ఉండిపోయాయి, బడులు మూశారు. బొగ్గుబావుల్లో పని ఆగింది, దాంతో కరెంటూ పోయింది. మా వీధిలో సాంచాలన్నీ ఆగిపోయాయి. నేనూ ఊరుకోలేదు. రోడ్డు మీద వంటావార్పు పెడితే పొయ్యి రాళ్లు మోశాను, గొంతు పోయేదాకా జై తెలంగాణ అన్నాను. ఇప్పుడడిగినా అంటాను.

ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి కరెంటు వచ్చింది. సాంచాల మీద పనివాళ్లంతా ధర్నాలో ఉన్నారు కాబట్టి వీధి నిశ్శబ్దంగానే ఉంది. నేను అరుగు మీద కూర్చుని ఉన్నాను. లోపల నుంచి ఒక మోత మొదలైంది. రాళ్ల లారీ ఏదో ఇంట్లోకి దూరినట్టు గోడలు అదిరాయి. పరుగెత్తి వెళ్తే రూతమ్మ పీట మీద బిత్తరపోయి కూర్చుని ఉంది.

“గిదేంది, గిట్ల మొత్తుకుంటున్నది?” అంది.

ఆపి, తలుపు తీసి డ్రమ్మును చేత్తో పైకీ కిందికీ ఊపాను. లొడలొడ ఊగింది. మిషను కింద తుప్పు నీళ్ల చారలు ఎప్పుడో ఎండిపోయి ఉన్నాయి. బేరింగులు పోయాయి. ఇవాళో నిన్నో పోయినవి కావు, నెలల తరబడి అరుస్తూనే ఉండి ఉంటాయి. వీధిలో అన్ని సాంచాలు కొట్టుకుంటుంటే ఈ అరుపు మాకెవరికీ వినపడలేదు. సాంచా బేరింగు పాడైతే చప్పుడును బట్టి పసిగట్టి చెప్పేవాణ్ని నేను. నా ఇంట్లోది నాకు వినపడలేదు. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

జగిత్యాలలో ఇలాంటివి బాగుచేసే మనిషికి ఫోను చేశాను. దారులన్నీ బంద్ ఉన్నాయి, రాలేనన్నాడు. పైగా అది దుబాయి మాల్, డ్రమ్ము మొత్తం మార్చాలి, ఆ సామాను ఇక్కడ దొరకదు, ఆశ వదులుకొమ్మన్నాడు. ఒళ్లు మండి ఫోను పెట్టేశాను. బేరింగు ఎక్కడున్నా బేరింగే కదా, దానికి దుబాయేంది సిరిసిల్లేంది అనుకున్నాను. అయినా కరీంనగర్ దుకాణాలు తెరిస్తే కొత్తవి తెచ్చి వేద్దామని ఆగాను.

రూతమ్మ ఉతకడం మానేసింది. విడిచిన చీరలు మూట కట్టి, పైన గోనెసంచి కప్పి మిషను పక్కనే పెట్టుకుంది. రోజుకొకటి పెట్టెలోంచి తీసి కట్టుకునేది. ఒక్కోరోజు రెండు కావలసి వచ్చేవి. ఏమీ అడగకూడదని నాకు తెలుసు, కానీ మూట వాసన ఇల్లంతా తెలుస్తోంది. ఒకరోజు ఉండబట్టలేక మూట మీద చెయ్యి వేశాను. పీట మీంచి జరిగి వచ్చి ఆ మూట మీదే కూర్చుంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సమ్మె అయ్యాక మిషను నువ్వే బాగుచేస్తావు కదా, అందాకా ముట్టకు అంది.

స్రవంతి కోరుట్ల నుంచి ఫోను చేసి ఏడ్చింది. బస్సు లేదు, ఆటోవాళ్లు రారు. “బాపూ, అమ్మ బట్టలెట్ల?” అని అడిగింది. చూసుకుంటానన్నాను. ఏం చూసుకుంటానో నాకే తెలియదు.

పెట్టె ఖాళీ అవుతూ వచ్చింది. ఇంటి చీరలు అయిపోయాయి, చుట్టాలిళ్లకు కట్టుకునేవీ అయిపోయాయి, ఆదివారం చర్చికి కట్టుకునేదీ అయిపోయింది. ఒక పొద్దున నేను చాయ్ పెట్టి గదిలోకి తెస్తే, ఆమె తన పెళ్లి చీరలో ఉంది. తెల్ల చీర, తెల్ల పూల అంచు. చర్చిలో ఫాదర్ ముందు నా పక్కన నిలబడ్డప్పుడు కట్టుకున్నది. తనను మట్టిలో పెట్టేటప్పుడు కట్టాలని స్రవంతి చేత మాట తీసుకుని, పెట్టె అడుగున పాతగుడ్డలో చుట్టి దాచుకున్నది.

“గిదొక్కటే మిగిలింది,” అంది నా వైపు చూడకుండా.

చాయ్ ఆమె పక్కన పెట్టేశాను. కరీంనగర్ దుకాణాల మీద ఆశ వదిలేసి ఆ పూటే మిషను విప్పాను.

వెనక రేకు తీశాను, బెల్టు తీశాను, బరువు కోసం పెట్టిన సిమెంటు దిమ్మెలు దింపాను. ప్లాస్టిక్ తొట్టి రెండు చెక్కలుగా విడింది. లోపలి డ్రమ్ముకున్న షాఫ్టు తుప్పుపట్టి బేరింగుల్లో బిగుసుకుపోయి ఉంది. కిరోసిన్ పోసి నానబెట్టాను. కదల్లేదు. సాంచా అంటే అంతా పోత ఇనుము. బిగుసుకున్న షాఫ్టుకు చెక్క అడ్డం పెట్టి సుత్తితో కొట్టాలి, రాకపోతే ఇంకా గట్టిగా కొట్టాలి. నాకు తెలిసిన విద్య అదొక్కటే. కొట్టాను. ఇంకా గట్టిగా కొట్టాను. ధన్‌మని ఊడి వచ్చింది.

షాఫ్టును డ్రమ్ముకు పట్టి ఉంచేది మూడు కాళ్ల పోత ఒకటి ఉంది. అది ఇనుము కాదు. సత్తు గిన్నెల్లాంటి తెల్లటి మెత్తటి లోహం, సబ్బునీళ్లకు అక్కడక్కడా తినేసి ఉంది. ఒక కాలు మొదట్లో సన్నటి గీత కనిపించింది. సబ్బు చార అనుకుని గుడ్డతో తుడిచాను. పోలేదు. మొండి చార అనుకున్నాను.

ఎందుకంటే అప్పటికి నా ధ్యాసంతా బేరింగు మీద రాసున్న నంబరు మీద ఉంది. తుప్పు గీకి చూస్తే, రోజూ నా చేతుల్లో తిరిగే నంబరే. సాంచాకు వేసేదీ అదే. నా సంతోషం ఏమని చెప్పను. చేతులు కూడా కడుక్కోకుండా పోశం దగ్గరికి ఉరికాను. పోశం మా వీధిలో నాలుగు సాంచాలున్న ఆసామి. విషయం చెబితే, తన సాంచా ఎట్లాగూ నిద్రపోతోంది, విప్పుకుని తీసుకుపొమ్మన్నాడు. మళ్లీ కరెంటు నిలకడగా వచ్చినప్పుడు కొత్తవి నువ్వే వేద్దువులే అన్నాడు. రెండు బేరింగులూ తెచ్చి, శుభ్రంగా గ్రీజు పెట్టి కూర్చోబెట్టాను. కొలిచి చేసినట్టు సరిపోయాయి.

మర్నాడు భోజనాల వేళకు కరెంటు వచ్చింది. ముందు ఉత్తగా తిప్పి చూశాను. చప్పుడే లేదు. తిరుగుతోందో లేదో అద్దంలోకి చూస్తే గానీ తెలియదు. రూతమ్మ మిషను మీద చెంప ఆనించి విన్నది. తర్వాత నవ్వింది. ఎన్ని రోజులకు నవ్విందో. జగిత్యాలవాడికి ఫోను చేసి రెండు మాటలు అనాలనిపించింది నాకు.

“నువ్వు బయటికి పో,” అంది.

పోయాను. ఆమె మూట ఈడ్చుకుంటూ తేవడం, ఒక్కొక్క చీరా లోపలికి తోయడం వాకిట్లో కూర్చుని విన్నాను. చీరలన్నీ ఒకేసారి వేసేసింది. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు, ఆమె తొందర ఆమెది. నీళ్లు పట్టే చప్పుడు, బట్టలు దొర్లే చప్పుడు. పాడైన నా చెవులతో అంత శ్రద్ధగా నేనేనాడూ ఏదీ వినలేదు. చాలాసేపటికి పిండటం మొదలైంది. వేగం పెరిగింది. ఇంకా పెరిగింది.

అప్పుడు విరిగింది.

ఒక్క దెబ్బ, తర్వాత వరసగా దెబ్బలు. నేను లోపలికి చేరేసరికి మిషను చోటు వదిలి గదిలోకి నడిచొచ్చింది. ప్లగ్గు పీకాను. తొట్టి పగిలి, గ్రీజు కలిసిన నల్లటి నీళ్లు బండల నిండా పారుతున్నాయి. ఆ నీళ్లలో రూతమ్మ కూర్చుని ఉంది. దాన్ని ఆపుదామని లేచి, ఉన్న ఒక్క చేత్తో పట్టుకోబోయి పడిపోయింది. తెల్ల చీర నడుము దగ్గర నుంచి కింది దాకా నల్లగా అయిపోయింది.

దెబ్బ తగిలిందా అని అడిగాను. చీరలు తియ్యమంది. ఎంత చెప్పినా లేవలేదు, తియ్యమంటూనే ఉంది. తలుపు బలవంతంగా ఊడబెరికి తీశాను. మూడు కాళ్ల పోతలో ఒక కాలు మొదలంటా విరిగిపోయింది. నేను తుడిచిన గీత దగ్గరే. అది చార కాదు, నా సుత్తి దెబ్బకు పడ్డ పగులు. విరిగిన ఆ కొన డ్రమ్మును చీల్చుకుని లోపలికి వచ్చి చీరలన్నిటినీ చుట్టేసుకుంది. ఒక్కటి కూడా నిండుగా రాలేదు. పేలికలు పేలికలుగా, మసితో, ఆమె కళ్ల ముందే లాగాను. సుత్తి తీసి గోడకేసి కొట్టాను. పెచ్చు ఊడింది, అంతకుమించి ఏమీ కాలేదు. నా మీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ వేయలేదు.

రూతమ్మ ఏడవలేదు. నేను లేపితే లేచింది. నా లుంగీ చుట్టుకుని, పైన దుప్పటి కప్పుకుని మంచం మీద కూర్చుంది. ఆ తెల్ల చీర ఎడమ చేత్తో నా వైపు చాపింది.

“ఇగ నువ్వే ఉతుకు,” అంది.

బండ మీద వేసి ఉతికాను. సబ్బు పెట్టాను, కిరోసిన్ పెట్టాను, నిమ్మకాయ పిండి రుద్దాను. నల్లదనం బూడిదరంగుకు వచ్చింది, అక్కడ ఆగిపోయింది. సాంచాల మీద తెల్ల బట్టకు గ్రీజు మరక పడితే ఆ తానును డ్యామేజీ అని పక్కన పడేస్తారు. అది పోదని నాకంటే బాగా ఎవరికి తెలుసు. తెలిసి కూడా వేళ్లు మంట పుట్టేదాకా రుద్దాను. ఇంకేం చేయాలో నాకు తోచలేదు.

రూతమ్మ కాలీడ్చుకుంటూ వాకిట్లోకి వచ్చి నిలబడింది. చాలు, నూలు తెగుతుంది అంది. చీర పిండాలంటే రెండు కొసలా ఇద్దరుండాలి. ఒక కొస తానే తీసుకుని ఎడమ చేతికి మెలేసుకుంది. రెండోది నేను పట్టుకున్నాను. మరక సరిగ్గా మా ఇద్దరి మధ్యా ఉంది. ఆమె దాన్ని కాసేపు చూసింది.

“నన్ను మట్టిల పెట్టేటప్పుడు మరకున్న దిక్కు కిందికి పెట్టు,” అంది. “ఎవ్వలకు కనవడదు.”

నా చేతులు ఆగిపోయాయి. నీళ్లు కారి మా ఇద్దరి పాదాలూ తడుస్తున్నాయి. ఆమె తన కొస వదల్లేదు.

“పిండు,” అంది. “ఎండ పోతది.”