చుక్క పక్కన గీత

రోజంతా జనం మూలుగులు వినే పళ్ళ డాక్టరమ్మకు సెలవుల్లో తేలికైన ప్రేమ నవలలే కావాలి. చివర్లో ఇద్దరూ కలిసి తీరాలి. చదివిందే మళ్ళీ తెచ్చుకోకుండా ఉండేందుకు, చదివిన ప్రతి పుస్తకంలో ఇరవయ్యో పేజీ మూల పెన్సిల్‌తో చుక్క పెట్టుకోవడం ఆమె అలవాటు.

తెల్లారితే సముద్రం ఒడ్డుకు ప్రయాణం. అద్దె పుస్తకాల కొట్టులో తీసిన ప్రతి నవల్లోనూ ఆమె చుక్క ఉంది. ప్రతి చుక్క పక్కనా, తను గీయని సన్నటి గీత ఉంది.

ఎవరో తన వెనకే చదువుకుంటూ వస్తున్నారు. ఎవరై ఉంటారు? కొట్టులో నిలబడి ఉండగానే, ఊహలో ఆమెకు అలల చప్పుడు వినిపించింది. నోరు తెరవమని అడక్కుండానే కబుర్లు చెప్పే పొడుగాటి మనిషొకడు ఇసుకలో పక్కన కూర్చుని పేజీ తిప్పాడు. ఎలాగో రెండు కొత్త నవలలు వెతికి పట్టుకుని, గాలిలో తేలుతున్నట్టే ఇల్లు చేరింది.

నవల పేరెత్తితే మూతి ముడిచే అత్తగారు పెట్టె సర్దుతున్నారు. ఆ రెండూ అందుకుని, కళ్ళజోడు పెట్టుకుని, తిన్నగా ఇరవయ్యో పేజీ తెరిచారు.

"నీ చుక్కా లేదు, నా గీతా లేదు. పర్లేదమ్మాయ్, ఈ పల్చటిది ముందు నేను చదువుతాను," అన్నారు.