చీకటిగదిలో కూనిరాగం

ఆ ల్యాబులో చీకటిగదికి గడియ లేదు, విద్వాంసుడి గొంతే గడియ. లోపల ఎవరున్నా కూనిరాగం తీయాలి, అది వినిపిస్తే బయటివాళ్లు తలుపు ముట్టుకోకూడదు. కాస్త వెలుతురు పడిందంటే చీకట్లో పెంచిన వరి మొలకల ఒంటి తీరే మారిపోతుంది, పడ్డ కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరవుతుంది. ఆమె, ఆమె భర్త ఇద్దరూ అక్కడే పనిచేసేవారు. ఆయనకి ఒక్క పాటా శ్రుతిలో రాదు గనకనే ల్యాబు వాళ్లు విద్వాంసుడని బిరుదిచ్చారు.

"మొలకలు పాలిపోయేది చీకటికి కాదు, మీ పాటకి" అని ఏడిపించేది ఆమె.

"అయితే నువ్వే పాడరాదూ?"

"నాకు సిగ్గు."

అలా పరీక్షకి మొలకల కోత ఆమెది, రాగం ఆయనది అయింది. చరణం ఎత్తుకునే చోట ఆయన గొంతు ఎప్పుడూ జారేది. ఆ జారుడంటే తనకెంత ఇష్టమో ఆమె ఒక్కనాడూ చెప్పలేదు.

ఆయన ఉన్నట్టుండి చనిపోయిన మూడో వారంలో ఆమె మళ్లీ పనిలోకి వచ్చింది. గుమ్మంలోనే జూనియర్ ఆమె చేతులు పట్టుకుంది.

"అక్కా, సార్ వేసిన చివరి ట్రే లోపలే ఉంది. నీళ్లు పోస్తున్నాను గానీ, బయటికి తీయడానికి మనసొప్పలేదు."

కోత గడువు ఎప్పుడో దాటింది, ఇక అవి పరీక్షకి పనికిరావు. పోతే పోనీ. చీకట్లో మొలక తన తిండి తాను వండుకోలేదు, గింజలో దాచుకున్న పిండి తింటూ వెలుతురు కోసం సాగుతుంది. ఆ పిండి అయిపోతే అంతే సంగతులు. ఆయన చేత్తో వేసినవాటిలో మిగిలినవి ఇవే, ఇవైనా దక్కాలి.

ట్రే మీద కప్పడానికి పల్చటి గుడ్డ తెమ్మని జూనియర్‌ని పంపి, ఆమె తలుపు వారగా తీసి లోపలికి దూరింది. మొలకలకి హాని చేయని మసక పచ్చదీపం కింద మొలకలు సన్నగా, పొడుగ్గా వాలిపోయి ఉన్నాయి. ఒక గింజ నొక్కి చూస్తే ఉత్త పొట్టు. మరోదానిలో కొంచెం మెత్తదనం తగిలింది. ఇన్నాళ్లూ ఇంట్లో కిటికీ తెరలు దించుకుని, పాత మాటలే తింటూ తనూ ఇలాగే ఉందని తోచి ఆమెకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

అంతలో బయట ఎలక్ట్రీషియన్ గొంతు వినిపించింది. "లోపల ఎవరూ లేనట్టున్నారు. తీసి చూస్తా."

తలుపు పిడి కదిలింది. అవతల వరండా నిండా మిట్టమధ్యాహ్నపు ఎండ. ఒక్కసారిగా తగిలితే ఇంత నీరసించిన మొలకలు మాడిపోతాయి. వద్దని అరవబోయింది, మాట పెగల్లేదు. పెగిలింది రాగం. వణుకుతూ సాగి, చరణం దగ్గర సరిగ్గా ఆయన జారినచోటే జారింది.

పిడి ఆగిపోయింది. "అయ్యో, సార్ పాట" అన్నాడతను మెల్లగా. తర్వాత అడుగులు దూరమయ్యాయి.

జూనియర్ వచ్చాక ఇద్దరూ మొలకల మీద గుడ్డ కప్పి, ఎండ పడని కిటికీ పక్కకి తెచ్చి పెట్టారు. సాయంత్రానికి చాలావరకు వాలినవి వాలినట్టే ఉన్నాయి. ఒకదాని కొసన మాత్రం లేతపచ్చ తేలింది. ఆమె దాని పక్కన కూర్చుని, కాపలా అక్కర్లేకపోయినా, ఇంకా పాడుతూనే ఉంది.